బస్సు బియ్యం

అరవవాళ్ల పెరటాసి నెల మొదలైన సోమవారం పొద్దున తొమ్మిదిన్నర మీటింగులో విద్య మేడమ్ నా పేరు పిలిచింది.

"ఆదికేశవులు సార్, ఈరోజు లారీలు ఎన్ని?"

పదకొండు. కాగితం మీద రాసి ముందే పెట్టుకున్నాను. నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

"సార్, మీరు మ్యూట్‌లో ఉన్నారు."

నేను మ్యూట్‌లో లేను. తెర మీద మైకు బొమ్మ తెరిచే ఉంది. గొంతు సవరించుకుంటే గాలి వచ్చింది, ఉత్త గాలి. చిన్న చిన్న గడుల్లోంచి తొమ్మిది ముఖాలు నన్నే చూస్తున్నట్టు అనిపించింది. గబగబా 'మైక్ ప్రాబ్లం, పదకొండు లారీలు' అని టైపు చేశాను. నుదుట నామం పెట్టుకుని కూర్చుని ఆడిన అబద్ధం అది. వేడినీళ్లు తాగితే పావుగంటకు గొంతు వచ్చింది.

సేదరపేట్‌లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే ఫ్యాక్టరీలో ఇరవై మూడేళ్లు డిస్పాచ్ సెక్షన్‌లో పనిచేశాను. ఏ లారీ ముందు రావాలి, ఏ సరుకు ముందు ఎక్కాలి, యార్డులో నిలబడి కేకేసి చెప్పడమే నా పని. నా కేక మెయిన్ గేటు దాకా వినపడేదని డ్రైవర్లు అనేవాళ్లు. ఆ ఏడు జూన్‌లో ఆ పనంతా కంప్యూటర్‌లోకి పోయింది. చెన్నైలో కూర్చుని విద్య మేడమ్ నడిపిస్తుంది. నా చేతికి ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి ఇంటి నుంచే చేయమన్నారు. అదృష్టవంతుడివి అన్నారు అందరూ. మొదటి వారం నేనూ అలాగే అనుకున్నాను.

సారం అనే పేటలో మేం అద్దెకుండేది కింది వాటా. కూతురు కౌముది ఏడున్నరకే కాలేజీకి పోతుంది. నా భార్య మంగళ ముదలియార్‌పేటలో కుట్టుపని నేర్పే సెంటర్లో టీచరు. ఎనిమిదింబావుకు ఆమె బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఆరుకే ఇంట్లో మనిషి మాట. అందాకా పూజగదిలో స్వామి, తల మీద ఫ్యాను, నేను. ఇంకొకటి కూడా ఉంది. పైవాటాలో ఎవరో రోజంతా చక్రాలున్న కుర్చీలో కూర్చుని అటూ ఇటూ జరుగుతుంటారు. నా నెత్తిమీద ఆ గరగర వినపడుతుంది. జూన్ నుంచి వింటున్నాను, మనిషిని చూడలేదు. పదకొండింటికి ఆ కుర్చీ గోడ దాకా జరిగి ఆగుతుంది. అప్పుడు నేనూ లేచి కాఫీ కలుపుకునేవాణ్ణి.

పెరటాసి శనివారాలు మా ఇళ్లలో పెద్ద వ్రతం. ఇత్తడి చెంబుకు మూడు నామాలు దిద్ది, మెడకు తులసి చుట్టి, ఇంటింటి ముందూ నిలబడి 'గోవిందా' అని పిలిచి బియ్యం అడుక్కోవాలి. ఆ బియ్యంతోనే పొంగలీ పులిహోరా వండి ఆకులో స్వామి ముందు నైవేద్యంగా తళిగ వేయాలి. మొదటి పిడికెడు సొంత ఇంటిది. ఇంట్లో బస్తా నిండా ఉన్నా సరే, అడుక్కోవాల్సిందే. ఎందుకు అని చిన్నప్పుడు మా నాయన్ని అడిగాను. "ఆయన్నే అడుగు" అని పటం వైపు చూపించాడు. అప్పటి నుంచి అడుగుతూనే ఉన్నాను.

ఇరవై మూడేళ్లుగా ఆ బియ్యం నాకు కంపెనీ బస్సులోనే దొరికేది. మా గేటు దగ్గర ఒక్కసారి పిలిచి, మంగళ వేసిన పిడికెడు పట్టుకుని, స్టాపుకు పరిగెత్తేవాణ్ణి. బస్సెక్కి కేకేస్తే నలభై రెండు మంది తిరిగి 'గోవిందా' అనేవాళ్లు. కాగితం పొట్లాల్లో అందరూ బియ్యం తెచ్చేవాళ్లు. పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం, రేషను బియ్యం, సెక్యూరిటీ భాయి ఇంటి నుంచి పొడుగు గింజల బిరియానీ బియ్యం. అన్నీ కలిసి వండితే కొన్ని మెతుకులు పలుకుగా, కొన్ని ముద్దగా ఉండేవి. "మీ బస్సు బియ్యం ఒకటీ ఒక రకంగా ఉడకదు" అని మంగళ ఏటా గొణిగేది. ఏటా అదే కళ్లకద్దుకుని తినేది.

ఆ ఏడు నాకు బస్సు లేదు.

నిజం చెప్పాలంటే, బస్సును చూడటం మాత్రం మానలేదు. జులై నుంచి రోజూ కౌముది లేచేలోపు స్నానం చేసి, మంగళ కట్టిన క్యారియర్ పట్టుకుని, నడకకని చెప్పి స్టాపు దాకా పోయేవాణ్ణి. వల్లి అక్క టీ కొట్టు పక్కన గోడ చాటుగా నిలబడితే ఏడూ పదికి బస్సు వచ్చేది, అందరూ ఎక్కేవాళ్లు, పోయేది. నేను ఇంటికి తిరిగొచ్చి, పన్నెండున్నరకు ఆ క్యారియర్ విప్పి కంప్యూటర్ ముందే తినేవాణ్ణి.

"ఇంట్లో తినేదానికి క్యారియర్ ఏందండీ? నడకకు కూడా దాన్ని ఎత్తుకొని పోవాల్నా?" అంది మంగళ ఒకసారి.

"చేతికి బరువుంటే నడక బాగుంటాది."

"సెరి" అంది. ఆమె 'సెరి' అంటే నమ్మలేదని.

పెరటాసి మొదటి వారంలోనే ఒకరోజు బస్సు కదిలి మళ్లీ ఆగింది. డ్రైవర్ చంద్రన్ తలుపు తెరిచాడు. ఇంట్లో అరవం మాట్లాడినా నాతో మాత్రం మా తెలుగే మాట్లాడతాడు.

"ఆది అన్నా, గోడ వెనక ఏంది? ఎక్కండి."

"వేరే పనిమీద వచ్చినా చంద్రన్."

"క్యారియర్ ఎత్తుకొనా?"

లోపల ఎవరో నవ్వారు. మూడో వరస కిటికీ సీటు నాది. అందులో కొత్త అమ్మాయి ఎవరో నిద్రపోతోంది.

"పెరటాసి వచ్చేసింది కదా, చెంబు యాడ? అందరూ అడగతా ఉండారు" అన్నాడు.

"పాసు తిరిగిచ్చేసినా. బస్సులో కెమెరా పెట్టినారు. నన్ను ఎక్కిస్తే నీకు మాట వస్తాది."

"అట్లయితే నేనే అందరి కాడా ఎత్తి మీ ఇంటికి తెచ్చిస్తాను."

"ఇంటికి వచ్చేది పనికిరాదు. నేను పోయి పిలవాల, వాళ్లు వేయాల. ఈ ఏడు మా వీధిలోనే పోతా ఉండా. ఇరవై ఒక్క ఇల్లు చాలు."

వెనక నుంచి హారన్ మోగింది. బస్సు పోయింది. ఆ నెలలో అది నా రెండో అబద్ధం. మా వీధిలో పదకొండేళ్లుగా ఉన్నాను, ఒక్క తలుపు కూడా తట్టలేదు. ఇన్నేళ్లూ నా వీధి ఆ బస్సే.

మొదటి శనివారం కౌముది పరీక్ష అని సాకు చెప్పాను. రెండోదానికి ఒళ్లు వెచ్చగా ఉందన్నాను. మూడోదానికి సాకు కూడా చెప్పలేదు, చెంబు తోమి మళ్లీ అలమరలో పెట్టేశాను. మంగళ చూసింది. మీటింగుల్లో గొంతు రెండు రోజులకొకసారి ఎగ్గొట్టేది.  ముందుగానే 'మైక్ ప్రాబ్లం' అని కెమెరాకు చూపించే చీటీ రాసి సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి.

మూడో శనివారం తర్వాత విద్య మేడమ్ ఒక్కతే కాల్‌లోకి వచ్చింది. మా కౌముది కంటే నాలుగైదేళ్లు పెద్దదేమో.

"సార్, వచ్చే సోమవారం నుంచి లారీ ఓనర్లతో రోజూ కాల్ ఉంటుంది. అది మీరే నడపాలి. వాళ్లంతా మీకు తెలిసినవాళ్లు. మీ మైక్ సమస్యా సార్, గొంతు సమస్యా?"

ఈసారి అబద్ధం ఆడలేకపోయాను. "గొంతు" అన్నాను. ఆ మాట కూడా సగమే వచ్చింది.

"డాక్టర్‌ని చూడండి. సోమవారానికి కుదరకపోతే చెప్పండి, వేరేవాళ్లని చూస్తాను. కానీ అప్పుడు మీ పోస్టు ఉండదు సార్. దాచడం ఎందుకని చెప్తున్నాను."

మంచి పిల్ల. అందుకే ఇంకా భయం వేసింది.

డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి ఏమీ లేదన్నాడు. "పగలు ఎవరితో మాట్లాడతారు?" అని అడిగాడు.

"దేవుడితో."

"బయటికి వినపడేట్టా?"

"లేదు, మనసులో."

ఆయన నవ్వలేదు. "కొన్నాళ్లు బయటికి మాట్లాడి చూడండి" అని రాసే కాగితం పక్కకు జరిపాడు.

మర్నాడు పూజలో స్వామి పేర్లన్నీ పైకి చదివాను. ఎవరూ లేని ఇంట్లో నా గొంతు గోడకు తగిలి పరాయివాడి గొంతులా తిరిగొచ్చింది. నాలుగు పేర్లకే ఆపేశాను. ఆ తర్వాత గంట వాయించడం కూడా మానుకున్నాను. గంట ఆగినాక ఇల్లు ఎంత ఖాళీగా ఉందో మరీ తెలిసేది. స్వామీ, మనసులో చెప్పేవి నీకు అందుతున్నాయా, లేక నువ్వు కూడా నేను మ్యూట్‌లో ఉన్నాననే అంటున్నావా అని అడిగాను. ఇదీ మనసులోనే.

కడపటి శనివారానికి సెలవు అడుగుతూ మా ఆఫీసు గ్రూపులో కారణం రాశాను. ఇలా బియ్యం అడుక్కునే వ్రతం అని. శుక్రవారం సాయంత్రం మంగళ వచ్చిన కాసేపటికి తలుపు చప్పుడైంది. డెలివరీ అతను ఐదు కిలోల బియ్యం సంచి అరుగు మీద పెట్టి ఫోటో తీసుకుని పోయాడు. మీద నా పేరు, 'విత్ ప్రేయర్స్, డిస్పాచ్ టీం' అని చీటీ.

మంగళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎన్ని రోజులైందో ఆమె అలా నవ్వి.

"అడుక్కునేవాడికి పార్సిల్ వచ్చిందే."

"వాళ్లకేం తెలుసు మంగళా, పిల్లలు."

"వాళ్లకు తెలీదు, సెరి. మీకు తెలుసు కదా. రేపు కడపటి శనివారం. పోతారా, పోరా?"

"గొంతు రాదు" అన్నాను. ఆ మాట ఆమెతో అనడం అదే మొదటిసారి. డాక్టరు సంగతి, సోమవారం సంగతి చెప్పాను. గోడ చాటు సంగతి కూడా చెప్పబోయాను.

"అది తెలుసు. వల్లి అక్క జులైలోనే చెప్పింది" అంది. "టీ తాగకుండా గోడకానుకొని ఉంటారంట. బేరం చెడతాదని ఆమె బాధ."

"తెలిసీ క్యారియర్ కడతా వచ్చినావా?"

"అదన్నా కట్టకపోతే యాడికి పోతారు మీరు?"

నేను లేచి అలమరలోంచి చెంబు బయటికి తీశాను.

శనివారం ఎనిమిదింటికి పసుపు పంచ కట్టి, నామం పెట్టి, చెంబుకు తులసి చుట్టాను. మంగళ సెలవు పెట్టింది, కౌముదికి కాలేజీ లేదు. పిడికిట్లో బియ్యం పట్టుకుని గడప లోపల నిలబడింది.

"బయటికి పోయి నిలబడండి. తలుపేస్తాను. మీరు పిలిస్తేనే తీస్తా."

"ఎప్పుడూ గేటు కాడే వేసేస్తావు కదా."

"ఎప్పుడూ బస్సు పోతాదని తొందర. ఈపొద్దు మీకేం తొందర?"

గడియ పడింది. నేను నా ఇంటి ముందు నిలబడ్డాను, చేతిలో చెంబుతో. నాలుగు నెలలుగా ఆ తలుపుకు లోపలే ఉన్నవాణ్ణి. నోరు తెరిచాను, గాలి వచ్చింది. మళ్లీ తెరిచాను. పూలమ్మే ఆవిడ బుట్టతో పోతూ నన్నూ, మూసిన తలుపునూ చూసి నడక తగ్గించింది. చెవులు వేడెక్కాయి. సోమవారం గుర్తొచ్చింది. తెర మీద గడులు గుర్తొచ్చాయి. కాళ్లు గేటు వైపు తిరిగాయి.

"అంకుల్, తాళంచెవి మరిచిపోయారా?"

అరవంలో, పైనుంచి. పైవాటా బాల్కనీలో ఇరవై ఐదేళ్ల అమ్మాయి వంగి చూస్తోంది. తలకు హెడ్‌ఫోను. లేదన్నట్టు తల ఊపి చెంబు ఎత్తి చూపించాను.

ఒక చెవి మీది నుంచి హెడ్‌ఫోను తొలగించింది. "గోవింద బియ్యమా? మా ఊళ్లో మా తాత పోయేవాడు. మరి పిలవరేం?"

"గొంతు" అన్నాను. కొబ్బరి చిప్ప గీకినట్టు వచ్చింది. "రావడం లేదమ్మా. ఇంట్లోనే పని. మాట్లాడేదానికి మనిషి లేక..."

ఆ అమ్మాయి రెయిలింగు మీదికి ఇంకాస్త వంగింది. "నాకూ అంతే అంకుల్. మొన్న పార్సిల్ అతనికి థాంక్స్ చెప్తే గొంతు కీచుమంది, అతను భయపడ్డాడు. నా పేరు కయల్విళి. మీ గంట విని లేస్తాను రోజూ. మూడు నాలుగు రోజులుగా మోగడం లేదు, ఊరెళ్లారనుకున్నా."

"ఆ కుర్చీ మీదా?"

"కిందికి వినపడుతుందా? సారీ అంకుల్, అడుగున గుడ్డ వేస్తాను."

"వద్దు" అన్నాను. "వేయొద్దమ్మా. దాంతోనే నాకు కాఫీ టైం తెలుస్తుంది."

తలుపు లోపల నుంచి మంగళ గొంతు. "మాటలు బాగానే వస్తా ఉండాయే. ఇంక పిలవండి. బియ్యం పట్టుకొని నా చెయ్యి పీకతా ఉండాది."

కళ్లు మూసుకున్నాను. గోవిందా అన్నాను.

"అమ్మా, యాడో పిల్లి అరిచినట్టుండాది" అంది కౌముది లోపల.

"గోవిందా."

పైనుంచి జవాబు వచ్చింది. ఆ అమ్మాయే, తుప్పు పట్టిన గొంతుతో, సిగ్గుగా, "గోవిందా" అంది. పిలిచినవాడికి ఎవరో ఒకరు బదులివ్వాలని వాళ్ల తాత నేర్పినట్టుంది. నలభై రెండు గొంతులు కావు, ఒక్కటే. మూడోసారి నేను పిలిచింది ఎంత గట్టిగా పిలిచానో నాకు తెలియదు. పూలావిడ మాత్రం బుట్ట దించి దండం పెట్టుకుంది.

గడియ తీసిన చప్పుడు. మంగళ నా ముఖం వైపు చూడలేదు. చెంబు మీద పిడికిలి విప్పింది. చాలాసేపు పట్టుకుని ఉందేమో, నా వేళ్లకు తగిలిన గింజలు వెచ్చగా ఉన్నాయి.

రెండో ఇల్లు పైవాటా. కయల్విళి తలుపు తీసి తెల్లమొహం వేసింది. "ఇంట్లో బియ్యం లేవంకుల్. ఆర్డర్ చేసుకునే తింటాను. ఓట్స్ ఉన్నాయి, పనికొస్తాయా?"

 వెనకాలే మెట్లెక్కి వచ్చిన మంగళ చంకలో ఐదు కిలోల సంచి ఉంది. దాన్ని ఆ అమ్మాయి గడప లోపల దించి, "ఇది నీకే. ఇప్పుడు నీ ఇంట్లో బియ్యం ఉండాయి కదా, ఒక పిడికెడు ఎయ్" అంది అరవంలో. ఆ అమ్మాయి పళ్లతో సంచి మూతి చింపింది. విద్య మేడమ్ వాళ్లు పంపిన బియ్యం అలా నా చెంబులో పడింది, పద్ధతి ప్రకారం. పద్ధతి ప్రకారమే అనుకుంటాను. స్వామి అభ్యంతరం చెప్పలేదు.

కయల్విళి షిఫ్టు వదిలి రాలేకపోయింది. మంగళా కౌముదీ నాలుగిళ్ల దాకా వచ్చి వంటకని వెనక్కి పోయారు. మిగతావి ఒక్కణ్ణే తిరిగాను. ఒకాయన కిటికీలోంచే చేయి ఊపి పొమ్మన్నాడు. మూడిళ్లలో గొంతు మళ్లీ తడబడింది, గేటు తట్టి నిలబడ్డాను. ఒక ఇంట్లో ముసలావిడ, మణియమ్మ అట, బియ్యం వేసి, "ఎదురింట్లో పదకొండేళ్లుగా ఉండి ఇప్పుడా నాయనా వచ్చేది?" అంది. మరోసారి గోవిందా అన్నాను. రెండిళ్లలో నాలాగే కంప్యూటర్ల ముందు నుంచి లేచి వచ్చారు, పైన చొక్కా, కింద లుంగీ.

మధ్యాహ్నం తళిగ వేశాం. పొంగలి కొంత పలుకుగా, కొంత ముద్దగా ఉంది. కయల్విళి మా ఇంట్లోనే తింది, రెండుసార్లు పెట్టించుకుంది. పోతూ పోతూ, "సోమవారం గంట కొట్టండి అంకుల్, మీటింగుకి లేవాలి" అంది.

ఆదివారమంతా భయపడుతూనే గడిపాను. శనివారం వచ్చింది సోమవారానికి ఉంటుందని ఏముంది? దానికి స్వామి మాట ఇవ్వలేదు.

సోమవారం పొద్దున క్యారియర్ పట్టుకుని పోలేదు. పోలేదంటే, గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. మంగళ వెళ్లాక పూజ చేసి గంట వాయించాను. కాసేపటికి నెత్తిమీద కుర్చీ గరగరమంది. పది గంటలకు కాల్ మొదలైంది. తెర మీద ఏడుగురు లారీ ఓనర్లు, కొందరి ముఖాలు, కొందరి పేర్లు మాత్రమే.  'మైక్ ప్రాబ్లం' అని ముందే రాసి ఉంచిన చీటీ ఇంకా పక్కనే ఉంది.

"ఆదికేశవులు సార్, మొదలుపెట్టండి" అంది విద్య మేడమ్.

"అందరికీ వణక్కం" అన్నాను. గొంతు మొదట్లో గీసుకుంది, కానీ వచ్చింది. "ఈరోజు పద్నాలుగు లారీలు. ముందు పురుషోత్తమన్ అన్న బండ్లు రెండూ..."

"ఆగు, ఆగు" అని ఒక గొంతు అడ్డం వచ్చింది. పురుషోత్తమన్‌దే. యార్డులో నాతో ఇరవై ఏళ్లు పోట్లాడిన మనిషి. "ఎవరు, మన యార్డు ఆదియేనా? జూన్ నుంచి మనిషి అయిపూ లేదు, జాడా లేదు. యాడికి పోయినావయ్యా ఇన్నాళ్లూ?"

అందరూ నా జవాబు కోసం ఆగారు.

"యాడికీ పోలేదన్నా" అన్నాను. "ఇంట్లోనే ఉండా."